ఆ పటాన్ని సరిచెయ్యబాకండి

రాండమ్మా, రాండప్పా, ఇట్ల దగ్గరగా జరిగి కూచోండి. చాపమీద కూచుంటేనే మేలు, ఆ కుర్చీకి ఒక కాలు ఊగతాండాది. కూచునే ముందర ఒక్క మాట. గోడమీద ఆ పటం వంకరగా ఉండాదని ఎవురూ దానిమీద చెయ్యి పెట్టబాకండి.

మొన్న సున్నం కొట్టేదానికి వచ్చినాయన, నాకేదో మేలు చేస్తాండాననుకోని, దాన్ని గీత గీసినట్టు నిలబెట్టి పోయినాడు. తెల్లారి చూస్తే అందులో నేను చేటతో సహా పక్కకి జారిపోతాండాను. చట్రం నిటారుగా ఉంటే మనిషి ఒరుగుతాది. చట్రాన్ని ఎడమపక్కకి కొంచెం వంచితే మనిషి నిమ్మళంగా కూచుంటాది. మా వీధిలో ఏ ఇంటికి పోయినా ఇట్లాంటి పటం ఒకటి వంకరగా తగిలించి ఉంటాది. కొత్తగా వచ్చినోళ్ళు ఈ వీధోళ్ళకి మేకు కొట్టేది చేతకాదనుకుంటారు. అనుకోనీ.

ఆ ఫోటోలు తీసినాయన పోయి ఏడాది కావస్తాండాది. మొదట్లో ఆయన ఫోటోలు వంకరగా ఉండేవి కావు. వేరే తప్పులుండేవి, అవి చెప్తా. వంకర ఎప్పుడు పుట్టిందో, యాల పుట్టిందో, అందులో నా పాలు ఎంతో, అది గూడా చెప్తా.

నేనాయన్ని బావా అనేదాన్ని. చుట్టరికం లేదు, గోడకి గోడ. ఆయన పెండ్లాం నాకు అక్క వరస అయింది కాబట్టి ఆయన బావ అయినాడు. మదనపల్లె టమోటా మండీలో తల నెరిసేదాకా వేలం పాడిన గొంతు ఆయనది. ఇంట్లో కూచోని మంచినీళ్ళు అడిగితే వీధి చివర టీ అంగడాయన గ్లాసు నింపేవాడు. మండీ మానుకున్న నెలలోనే ఆయన చేతికి రెండు వచ్చినాయి. ఒకటి, బజార్లో మూసేస్తాండే ఫోటో స్టూడియో నుంచి కొన్న పెద్ద కెమెరా. రెండోది, కూతురి బిడ్డ చిట్టి.

కూతురు కుప్పంలో నర్సు. అల్లుడు తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరికి పోయి, చీకటి పడినాక తిరిగొచ్చే మనిషి. బిడ్డని చూసుకునే దిక్కు లేక తెచ్చి అమ్మ దగ్గర విడిచింది. అక్కకా మోకాళ్ళ నొప్పులు. కూచున్నకాడి నుంచి ఇల్లంతా ఏలతాది గానీ లేచి బిడ్డ ఎనకాల పరిగెత్తలేదు. కాబట్టి బిడ్డ బావ చంక ఎక్కింది. కుడిచేతిలో కెమెరా, ఎడమ చంకలో చిట్టి. రెంటికీ ఒకే తుండుగుడ్డ. అదే తుండుతో బిడ్డ ముక్కు తుడిచి, అదే తుండుతో కెమెరా అద్దం తుడిచేవాడు. కొన్ని ఫోటోలు యాల మసగ్గా వస్తాండాయో ఆయనకి అంతుబట్టేది కాదు.

ఫోటో తీసేటప్పుడు ఒకటీ రెండూ మూడూ అనేది ఆయనకి రాదు. వేలమే. "ఒకటోసారి... రెండోసారి..." అని మండీ గొంతుతో ఎత్తుకునేవాడు. మూడోసారి అనేదాకా ఆగిన పాపాన పోలేదు. నడమ ఎక్కడో నొక్కేసేవాడు. అందుకే ఆ కాలం ఫోటోల్లో మా వీధంతా నోరు తెరుచుకోని, బుట్ట ఎవురికి పోయిందో అని చూసేవాళ్ళ మాదిరి నిలబడుంటాము.

బిడ్డకి అన్నం పెట్టేదీ వేలమే. ముద్ద ఎత్తి పట్టుకోని, "ఈ ముద్ద ఎవురికి? కాకికా, అవ్వకా, చిట్టికా? ఒకటోసారి... రెండోసారి..." అనేవాడు. అప్పుడు చిట్టి గబుక్కున "మూదోసాలి" అని నోరు తెరిచేది. అమ్మ, అవ్వ, తాత తరవాత ఆ బిడ్డ నేర్చుకున్న నాలుగో మాట అదే. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఒకటోసారి, రెండోసారి అంటే మాత్రం మంచం కిందినుంచైనా పలుకుతాది.

బావకి ఫోన్లో ఒక గ్రూపు ఉన్నింది. అందులో అంతా ఉద్యోగాలు దిగిపోయి కెమెరాలు పట్టుకున్నోళ్ళే. పొద్దున లేస్తే ఒకరి పువ్వుకి ఒకరు బొటనవేళ్ళు చూపించుకుంటారు. "అద్భుతం సార్" అని ఈయన ఆయనకి, "మీ ముందర మేమెంత సార్" అని ఆయన ఈయనకి. ఆ గ్రూపులో ఎవురో మనిషిని ఫోటోకి నట్టనడుమ పెట్టగూడదు, పక్కకి పెట్టాల అని చెప్పినారు. ఇంక చూడండి. బి.కొత్తకోటలో మా తమ్ముడి గృహప్రవేశానికి ఈయన్నే పిలుచుకోని పోతిమి. పాలు పొంగించే ఫోటోలో మా తమ్ముడూ మరదలూ ఒక ఓరన ఇరుక్కోని ఉండారు. నట్టనడుమ దర్జాగా గ్యాస్ బండ.

తరవాత ఆ ఫోటోలు ఇచ్చేదానికి పోతే, మా మరదలు ఒకటి చేతిలో పెట్టుకోని, "అన్నా, ఈ ఇంటికి లక్ష్మిని నేనా, ఈ బండా?" అని అడిగింది.

"కన్ను మొదట బండ మీద పడి, ఆడినుంచి నీ మీదికి రావల్లమ్మా. అది పద్ధతి."

"ఎవురి కన్నూ నా దాకా వచ్చేటట్టు లేదు గానీ, ఆ బండని కత్తిరించి పెట్టన్నా."

బావ మొగం చూడాల ఆ పొద్దు. పీట మీద కూచున్నోడు లేచి నిలబడినాడు. "కత్తిరించేదే? ఫోటోని కత్తిరించేదీ మనిషి చెయ్యి నరికేదీ ఒకటేనమ్మా. ఆ చణాన ఆడ ఏముంటే అదే ఉండాల. బండ ఉన్నింది, బండ వచ్చింది." అన్నం గూడా తినకుండా బస్సెక్కినాడు. ఆయన్ని సముదాయించేదానికి నేను మదనపల్లె దాకా బండ బాగుండాది బావా, బండ బాగుండాది అని చెప్పుకుంటా వచ్చినా. ఈ కత్తిరించే మాట గుర్తుపెట్టుకోండి.

అక్క సంగతి వేరే. బిడ్డని ఫోటో తీస్తే దిష్టి తగులుతాదని చిట్టి బుగ్గకి కాటుక చుక్క పెట్టేది. ఫోటో ఫోటోకీ చుక్క పెద్దదయ్యి, కడకి బుగ్గ కంటే చుక్కే ఎక్కువైంది. ఒకరోజు ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. వీధంతా ఈ కెమెరాని చూసి కండ్లు పెట్టుకుంటాంటే దానికి మాత్రం దిష్టి తగలదా అని, బావ నిద్రపోతాంటే దాని మొగానికీ ఒక చుక్క పెట్టింది. కెమెరాకి మొగం అంటే ముందరి అద్దమే గదా. మూడు దినాలు తీసిన ఫోటోలన్నీ పొగ కమ్మినట్టు వచ్చినాయి. బావ వాటిని గ్రూపులో ఏసి, హార్స్‌లీ హిల్స్ మంచు మదనపల్లెకి దిగొచ్చింది చూడండి అన్నాడు. అద్భుతం సార్ అన్నారు అందరూ. నాలుగోనాడు తుండుతో అద్దం తుడిస్తే గుడ్డకి కాటుక అంటుకుంది. బావ అక్క పక్క చూసినాడు. అక్క చింతపండు గింజలు తీసుకుంటా, "తుడిచేసినావు గదా, ఇంక ఆ మంచు రాదులే" అంది. గ్రూపులో మాత్రం ఆయన నిజం చెప్పలేదు.

ఇట్ల నవ్వుకుంటాంటిమి గానీ, శనివారం వస్తే ఆ ఇంట్లో నవ్వు ఉండేది కాదు. శనివారం సాయంత్రం కుప్పం బస్సు దిగి కూతురు వస్తాది. చెప్పులు విడిచి కాళ్ళు గూడా కడుక్కోకుండా, "నాయనా, చూపించు" అంటాది. వారమంతా తీసిన బిడ్డ ఫోటోలు బావ ఫోన్లోకి ఎక్కించి పెట్టుంటాడు. ఆ పిల్ల గడప మీద కూచోని ఒక్కొక్కటీ జరుపుకుంటా చూసేది. బిడ్డ కొత్త పన్ను, బిడ్డ కిందపడి లేచింది, బిడ్డ కుక్కకి బిస్కెట్టు పెట్టింది, అన్నీ ఆమె చూసింది ఆ ఫోన్లోనే. చూసినాక ప్రతి వారమూ ఒకే మాట అనేది. "నాయనా, నీ కన్ను ఆ డబ్బాకి పెట్టుకోని ఉంటే బిడ్డని చూసేది ఎవురు? కుప్పంలో పిల్లల్ని చూసుకునే ఇల్లు ఒకటి ఉండాది. ఆడ విడుస్తా." బావకి ఊరంతా ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. ఆ రాత్రికి కెమెరా బీరువాలో పెట్టి, ఆదివారం కూతురు బస్సెక్కినాక తీసేవాడు.

ఇంక పుంగనూరు కథ.

పుంగనూరు ఆవులు తెలుసు గదా, దూడంత ఎత్తుండే పొట్టి ఆవులు. ఇప్పుడు పట్నాలోళ్ళు వాటిని ఇండ్లల్లో పెంచుకుంటాండారు. ఎంత పొట్టిదైతే అంత గొప్ప. పుంగనూరులో మా చిన్నమ్మ ఇంటి పక్కన ఒకాయన అట్లాంటి ఆవుల్ని పెంచుతాడు. హైదరాబాదులో ఎవురికో చూపించాల, మంచి ఫోటో కావాల అంటే నేనే గొప్పలకి పోయి, మా బావ ఉండాడు, తీస్తాడు అన్న్యా. చిట్టిని ఎత్తుకోని ముగ్గురమూ పోతిమి.

ఆవులాయన పద్ధతి ఆయనకుంది. కొట్టంలో పనిచేసే వాళ్ళల్లో అందరికంటే పొడుగు మనిషిని పిలిచి ఆవు పక్కన నిలబెట్టినాడు. పొడుగు మనిషి పక్కన ఆవు ఇంకా పొట్టిగా కనపడతాది. అది ఆ ఊర్లో చంటిబిడ్డకి గూడా తెలుసు. బావకి తెలీదు. "ఈ తాటిమాను యాలప్పా ఈడ? పక్కకి పో" అని ఆయన్ని పంపించేసి, చిట్టిని తెచ్చి ఆవు పక్కన నిలబెట్టినాడు. బిడ్డ ఉంటే ఫోటోకి ప్రాణం వస్తాదంట. అది చాలక నేలమీద బోర్లా పడుకోని కిందినుంచి పైకి తీసేదానికి మొదలుపెట్టినాడు. రెండేండ్ల బిడ్డ పక్కన, నేలమీద నుంచి చూస్తే, ఆ పొట్టి ఆవు గాలిగోపురం మాదిరి ఉన్నింది.

"అప్పా, పొట్టిగా రావల్ల" అన్నాడు ఆవులాయన.

"నువ్వు గొమ్మునుండప్పా. చేసే పని నాకు తెలుసు."

బోర్లా పడుకుండే ముందర ఆయన నా పక్క తిరిగి, "అమ్మీ, నా కన్ను కెమెరాలో ఉంటాది. బిడ్డని చూస్తాండు" అన్నాడు. నేను అరుగు మీద ఆవులాయన వాళ్ళమ్మతో కూచోని అనపకాయలు ఒలస్తాండాను. ఆ ముసలామె తన కోడలి సంగతి చెప్తాంది. మంచి పట్టులో ఉంది కథ. నేను తల ఎత్తకుండా "ఊ" అన్న్యా.

ఆ "ఊ" నాకు ఇప్పటికీ వినపడతాంటాది.

చేటలో కాయలు సగం అయినాయి. బావ పైకి లేచి దుమ్ము దులుపుకోని, "చిట్టి యాడ?" అన్నాడు. నేను తల ఎత్తితి. ఆవు ఉండాది, గడ్డి ఉండాది, బిడ్డ లేదు. గేటు తెరిచుండాది. గేటు దాటితే రోడ్డు, రోడ్డు మీద టమోటా లారీలు ఒకదాని ఎనకాల ఒకటి.

బావ అట్ల పరిగెత్తింది నేను ఎప్పుడూ చూడలేదు. కెమెరా మెడలో ఊగతా రొమ్ముకి కొట్టుకుంటాంది. పోయి రోడ్డుకి నడుమ నిలబడి రెండు చేతులూ చాపినాడు. లారీలాయన తిట్టిన తిట్లు ఆయన చెవిన పడలేదు. చిట్టీ, చిట్టీ అని నేను అరుస్తాండాను. ఎవురూ పలకలేదు. అప్పుడు ఆయన గొంతెత్తి, "ఒకటోసారి" అన్నాడు. మండీనంతా నిలబెట్టిన గొంతు ఆ పొద్దు సగంలో విరిగింది. మళ్ళా ఎత్తి, "రెండోసారి" అన్నాడు.

రోడ్డుకి అవతల టీ అంగడి బెంచీ కిందినుంచి వచ్చింది, "మూదోసాలి."

చేతిలో సగం తిన్న బన్ను పట్టుకోని కూచోనుండాది. ఒక్కతే ఆ రోడ్డు దాటిపోయింది. బావ బిడ్డని ఎత్తుకోని ఆ బెంచీ మీదే కూచుండిపోయినాడు. టీ అంగడామె నీళ్ళిస్తే ముందర బిడ్డకి తాపించినాడు.

తిరుగు బస్సులో ఫోన్ మోగింది. ఆవులాయన. బస్సెక్కే ముందర మేము ఎక్కించి ఇచ్చిన ఫోటోలు చూసి హైదరాబాదాయన, పొట్టి ఆవని చెప్పి ఏనుగుని అంటగడతావా అని అడిగినాడంట. బావ ఫోన్ జేబులో పెట్టుకోని కెమెరా ఎనక తట్టుండే చిన్న తెరలో ఫోటోలు చూస్తాండాడు. నేనూ వంగి చూసినా. ముందర ఆవు, అదరకుండా బెదరకుండా. ఆవు ఎనకాల చిట్టి. రెండో ఫోటోలో చిట్టి కొంచెం దూరం. మూడోదాంట్లో గేటు దగ్గర. నాలుగోదాంట్లో గేటు అవతల ఎర్ర గౌను, అగ్గిపుల్ల తలంత. ప్రతి దాంట్లోనూ ఒక ఓరన అరుగు మీద నేను, చేటలోకి తల వంచుకోని.

"బావా, తుడిచెయ్యి. శనివారం నీ కూతురు చూస్తే చిట్టిని ఉంచదు" అన్న్యా. ఎవురి కోసం అన్న్యానో నాకు తెలుసు.

బావ కెమెరా ఆపి తుండులో చుట్టినాడు. "ఏడు దినాల ఫోటోలు చూపిస్తానని చెప్పి ఆరు దినాలవి చూపిస్తే అది ఇంకేమి ఫోటోలు అమ్మీ."

శనివారం వచ్చింది. కూతురు గడప మీద కూచునింది. నేను గోడకి ఇవతల నిలబడి తొంగి చూస్తాండా. ఏడవదు, అరవదు. జరుపుతాది, ఆగతాది. కడకి, "ఎవురూ లేరా ఆడ, చూసేదానికి?" అని అడిగింది.

"నేనుంటి గదమ్మా. నేనే చూడలేదు" అన్నాడు బావ.

గోడ దాటి పోయి, నాకే అప్పజెప్పినాడు, నేనే చూడలేదు అని చెప్పాల్సింది. నేను లోపలికి పోయి ఎసట్లో బియ్యం పోసినా. ఆదివారం చిట్టి గౌన్లు సంచిలో పెట్టుకోని కూతురు బిడ్డని కుప్పం తీసకపోయింది. బావ బస్టాండు దాకా పోలేదు. తరవాత ఒకనాడు అక్క ఆ ఫోన్ నాకు చూపించింది. నాలుగు ఫోటోలూ ఉండాయి. నాలుగింట్లోనూ నా మొగం వెతికితే, నేను లేను. అరుగు దగ్గరికి ఫోటో తెగిపోయుండాది. గ్యాస్ బండని కత్తిరించమంటే అన్నం మానేసి లేచిపోయిన మనిషి, నన్ను కత్తిరించినాడు. కత్తిరించి నాతో ఒక్క మాట చెప్పలేదు.

కెమెరా మేకుకి ఎక్కింది. గ్రూపులో ఎవురో, సార్ కనపడలేదే అన్నారు. ఇంకెవురో దానికి గూడా అద్భుతం సార్ అని పెట్టినారు.

పది దినాలకి కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. "నాయనా, బిడ్డ ఆడ అన్నం ముట్టుకోవడం లేదు. ముద్ద చూపిస్తే ఎవురెవురి మొగమో చూస్తాదంట. ఏమి పాట పాడతావో పాడు, ఫోన్ బిడ్డ చెవికాడ పెడతాండా." మా వీధి వీధంతా విన్నింది. అరుగు మీద ఒంటిగా కూచోని, ఎదురుగా ఎవురూ లేకుండా, "ఈ ముద్ద ఎవురికి? కుప్పం కాకికా, మదనపల్లె అవ్వకా?" అని వేలం పాడతాండాడు. టీ అంగడాయన స్టవ్వు తగ్గించినాడు. పూటకి పూట అట్ల పాడినాడు. ఆ శనివారం కూతురు బిడ్డని తీసుకోనే బస్సు దిగింది. అరుగు మీద దించి, "ఈసారి కట్టేసుకో నాయనా" అంది, అంతే.

ఆ మాటని బావ అక్షరాలా పాటించినాడు. కెమెరాకుండే పట్టీ ఊడబీకి, ఒక కొస చిట్టి నడుముకి, ఒక కొస తన ఎడమచేతి మణికట్టుకి కట్టుకున్నాడు. కెమెరాకి పట్టీ బదులు అక్క పావడా నాడా. బజారంతా నవ్వింది. "పుంగనూరు దూడని యాడికి తోలతాండావు పెద్దాయనా" అని పిలిచి మరీ అడిగేవాళ్ళు. "ఇది పొట్టిదే, నిజంగా పొట్టిదే, కావాల్నంటే పక్కన నిలబడు" అనేవాడు.

వంకర అప్పుడు పుట్టింది. ఆయన కెమెరా ఎత్తేటప్పటికి చిట్టికి ఎక్కడో ఒక పిల్లి కనపడతాది. ఎడమచెయ్యి కిందికి పోతాది, చేత్తో పాటు కెమెరా వాలతాది, మా మొగాలన్నీ పక్కకి ఒరుగుతాయి. పట్టీ విప్పి తియ్యి బావా అని ఎంత చెప్పినా వినలేదు. చిట్టి బడికి పొయ్యేదాకా తీసినవన్నీ అట్లే. గ్రూపులోవాళ్ళు అది కొత్త పద్ధతి అనుకోని వాళ్ళూ కెమెరాలు వంచి తీసేదానికి మొదలుపెట్టినారు.

మొన్న సున్నం కొట్టినాక, కుప్పం నుంచి కూతురూ చిట్టీ వచ్చింటే కాఫీకి పిలిచినా. చిట్టి ఇప్పుడు రెండో తరగతి. ఇన్నేండ్లూ గొంతులో ఉండింది ఆ పొద్దు బయటికొచ్చింది. "అమ్మీ, పుంగనూరులో బిడ్డని చూడమని మీ నాయన నాకు చెప్పినాడు. నేను చూడలేదు" అన్న్యా.

కూతురు లోటా కింద పెట్టలేదు గూడా. "తెలుసు పిన్నమ్మా."

"ఎట్ల?"

"మా నాయనకి ఫోటో కత్తిరించేది వచ్చునా? నిన్ను తీసేసినాడు, నీ చేట మరిచిపోయినాడు. నాలుగు ఫోటోల్లోనూ ఓరన సగం చేట, అందులో ఒక చెయ్యి, ఆ చేతికి నీ పచ్చ గాజులు. ఎవురూ లేరా అని అందుకే అడిగినా. నేనే చూడలేదు అన్నాడు." ఒక గుక్క తాగింది. "కోపం పది దినాలుండింది. ఆ చేట చూసినప్పుడల్లా తగ్గతా వచ్చింది. ముద్ద కోసం ఒకటే అనుకున్నావా బిడ్డని తెచ్చింది?"

అప్పుడు చిట్టి గోడ దగ్గరికి పోయి, పటం కింద నిలబడి తల ఒక పక్కకి వాల్చి చూసింది. అనపకాయల చేటతో ఈ అరుగు మీదే నన్ను తీసిన ఫోటో అది. "అవ్వా, దీన్నెవురు ఇట్ల పెట్టినారు?" అని మడమలెత్తి, చట్రం ఎడమ మూల పట్టుకోని, కొంచెం కిందికి లాగింది. నేను నిటారుగా కూచున్న్యా.

ఇదీ ఆయన కథ. కాఫీ చల్లారిపోతాది, తాగండి. మీ ఇంటి గోడల నిండా మీ వాళ్ళు నవ్వుతా ఉండాల. మీ పిల్లోళ్ళు ఏ రోడ్డు దాటినా, మీరు పిలిస్తే పలికేంత దూరంలోనే ఉండాల. మీ తప్పుని తన ఫోటోలోనుంచి కత్తిరించే మనిషి ఒకరు మీ పక్కింట్లో ఉండాల, ఆ కత్తిరించేది వాళ్ళకి సరిగ్గా చేతగాకుండా ఉండాల. చల్లగా ఉండండి.